ఎండవైపు

నేను ప్లంబర్ని.
ఊళ్ళు ఎందుకు చస్తాయో, ఎందుకు లేచి కూర్చుంటాయో
నన్నడక్కండి.
పైపు ఎక్కడ పగిలిందో చెప్పగలను.

ఒకే లోయ, రెండు భుజాలు, రెండు ఊళ్ళు.
దక్షిణానికి మొహం పెట్టుకుని బెస్క్వాలా,
ఎదుటి కొండమీద, ఉత్తరానికి తిరిగి, అయ్నూసా.
రెండిటికీ అవే పలకరాతి కప్పులు,
ఒకే కంసాలి పోత పోసిన గంటలు,
ఇటు పిల్లని అటు, అటు గొడవని ఇటు
ఇచ్చిపుచ్చుకున్న మూడొందల ఏళ్ళు.

కింద ఆనకట్ట లేచినప్పుడు
ఏటి ఒడ్డు గోధుమ మళ్ళు ఇద్దరివీ మునిగాయి.
మిగిలిన వాలులో ప్రభుత్వం పైన్ మొక్కలు నాటింది.
పైన్ చెట్టు ఎవరికీ రొట్టె పెట్టదు.
ఏడాది తేడాలో రెండూ ఖాళీ.

ఇప్పుడు బెస్క్వాలాలో ఏడుగురం,
మేకలు నలభై, రొట్టెల పొయ్యి ఒకటి.
అయ్నూసాలో ఎవరూ లేరు.

జరగోసా నించి విలేకరి వచ్చి
పుస్తకంలో 'సంకల్పబలం' అని రాసుకుంది.
ఒరోసియా నవ్వాపుకోలేదు.
తొమ్మిదేళ్ళప్పుడు గాడిదమీద దిగిపోయి
అరవై రెండేళ్ళకి జీపులో ఎక్కివచ్చిన మనిషి.
"ఎదుటి కొండ వాళ్ళకి సంకల్పం తక్కువా, తల్లీ?
వాళ్ళకి తక్కువైంది మధ్యాహ్నం."

నిజమే. డిసెంబరులో మా గోడలకి ఆరుగంటల ఎండ.
అయ్నూసాలో నవంబరు రెండోవారం పోయిన సూర్యుడు
ఫిబ్రవరిలో తిరిగొస్తాడు,
గంటగోపురం కొసన నాణెమంత.
అటు వెళ్ళే దారిలో పదకొండో మలుపు
మార్చి దాకా గాజుపలక.
డాక్టరు ఆ మలుపు దాకానే డాక్టరు.

అయితే ఎండకీ ఓ ధర ఉంది.
నిరుడు ఆగస్టులో మా ఊట కన్ను మూసింది.
బక్కెట్టు నిండటానికి ఇరవై రెండు నిమిషాలు.
బెన్‌ఆషూర్ మేకలు తడి రాయిని నాకేవి.
నెరేయా, పదహారేళ్ళ పిల్ల,
జుట్టు కత్తిరించేసుకుంది, కడగటం దండగని.
ఆ వారమే ఇద్దరు పెట్టెలు సర్దుకున్నారు.

"దాహమైతే అయ్నూసా పిల్లని చేసుకో అనేది మా అమ్మ,"
అంది ఒరోసియా, ఎటో చూస్తూ.
నీడ మంచుని దాచుకుంటుంది.
మే నెలాఖరు దాకా కొండ పొట్టలోకి
చుక్కచుక్కగా వదులుతుంది.
వెళ్ళి చూశాం. ముళ్ళపొదల కింద రాతి నోరు,
చల్లగా, నిండుగా,
తాగేవాళ్ళు లేకపోయినా మానకుండా కారుతోంది.
కొలిచాను: మా ఊరికన్నా ముప్పైఏడు మీటర్లు ఎత్తు.

పద్నాలుగొందల మీటర్ల నల్లపైపు.
లోయలోకి దింపాలి, మళ్ళీ ఇటు ఎక్కించాలి.
అడుగున ఒత్తిడికి రెండుసార్లు జాయింటు తెగి
నా మొహం పగిలేలా కొట్టింది.
"మోటారేదీ?" అంది నెరేయా.
లేదు.
నీరు పల్లమెరుగు అంటారే, అది సగం సంగతి.
బయల్దేరిన ఎత్తు కూడా నీరు మర్చిపోదు.
దారి రాపిడికి కాస్త పోగా,
దాదాపు అక్కడిదాకా
ఎవరూ తోయకుండానే ఎక్కుతుంది.

ఒరోసియా ఈ మాట విని
చాలాసేపు ఏమీ అనలేదు.

కుళాయి ముందు దగ్గింది.
తర్వాత ఎర్రమట్టి ఉమ్మింది.
తర్వాత ఒక కప్పని, బతికున్నదాన్ని.
ఆ తర్వాత నీళ్ళు.
పెట్టెలు సర్దుకున్నవాళ్ళలో ఒకరు వెళ్ళనే వెళ్ళారు.
ఇంకొకరు పెట్టె ఇంకా విప్పలేదు. అది నేనే.

శనివారాలు అటు నడిచి వెళతాను,
ఊట నోట్లో ఆకులు తీయడానికి.
చివరి ఇంటి గోడ సందులో ఒక తాళంచెవి దొరికింది,
మర్నాడు వచ్చేవాడిలా పెట్టిపోయాడు ఎవరో.
తలుపు తీయలేదు.
తుప్పు గీకి, నూనె రాసి,
అదే సందులో పెట్టేశాను.